దైవవిశ్వాసం లేనివారు వ్యసనం నుంచి బయటపడేందుకు తోడు వెతుక్కోవడం ఎలా

తాగుడు మానాలనుకునేవారికి తరచుగా మొదట వినిపించే పేరు ఆల్కహాలిక్స్ అనానిమస్. తాగుడు మానాలనుకునేవారు బృందాలుగా కలిసి ఒకరికొకరు తోడ్పడే ఈ సంస్థ 1935లో మొదలైంది. మానడానికి అది చెప్పే 12 మెట్లలో ఆరు దేవుణ్నో, మనకన్నా గొప్పదైన శక్తినో ప్రస్తావిస్తాయి కాబట్టి, నాస్తికులు కొందరు అక్కడ ఇమడలేక వెనుదిరుగుతారు.

బృందాన్ని వెతికేముందు వైద్యుణ్ని కలవండి. ఏళ్ల తరబడి రోజూ అతిగా తాగినవారు ఒక్కసారిగా మానేస్తే మూర్ఛలు, మతిభ్రమ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. పైగా తాగుడు మానడానికి వైద్యులు ఇచ్చే నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్ వంటి మందులు పనిచేయడానికి విశ్వాసంతో నిమిత్తం లేదు.

మతంతో సంబంధం లేని బృందాల్లో స్మార్ట్ రికవరీ, లైఫ్‌రింగ్ ముఖ్యమైనవి. రెండింటికీ ఆన్‌లైన్ సమావేశాలున్నాయి. స్మార్ట్ రికవరీలో కాగితాన్ని నాలుగు గళ్లు చేసి, తాగితే లాభనష్టాలు, మానితే లాభనష్టాలు రాయిస్తారు. ‘తాగితే లాభం’ అన్న గడిని మొహమాటపడి ఖాళీగా వదిలేస్తే ఈ కసరత్తు వృథా అని నా అభిప్రాయం. ఎందుకంటే నిద్ర పట్టడమో, నలుగురిలో బెరుకు పోవడమో, మద్యం ఇన్నాళ్లూ తీర్చిన అవసరం ఏదో బయటపడేది అక్కడే, దానికి వేరే దారి చూడవలసిందీ అక్కడినుంచే.

ఆల్కహాలిక్స్ అనానిమస్‌లోనూ ప్రార్థన లేకుండా జరిగే సమావేశాలు కొన్ని ఉన్నాయి, అడిగి తెలుసుకోండి. డీఅడిక్షన్ కేంద్రంలో చేరేటట్లయితే, ప్రార్థన తప్పనిసరా, ఆ సమయంలో మీకు వేరే ఏం ఏర్పాటు చేస్తారు అన్నవి డబ్బు కట్టకముందే స్పష్టంగా అడగండి.