ఇంటి వైఫై రౌటర్‌లో డిఫాల్ట్ పాస్‌వర్డ్‌లను మార్చడం ఎలా?

వైఫై రౌటర్‌కు రెండు పాస్‌వర్డ్‌లు ఉంటాయి. ఫోన్‌ను గానీ కంప్యూటర్‌ను గానీ వైఫైకి కలిపేటప్పుడు ఇచ్చేది ఒకటి. రౌటర్ సెట్టింగ్స్ పేజీ తెరవడానికి కావలసిన అడ్మిన్ పాస్‌వర్డ్ రెండోది. మొదటిదాన్ని మార్చుకుని, పని పూర్తయిందనుకుని, రెండోదాన్ని కంపెనీ ఇచ్చినట్టే వదిలేయడం సాధారణంగా జరిగే పొరపాటు. అడ్మిన్ పాస్‌వర్డ్ చేజిక్కినవారు వైఫై పాస్‌వర్డ్‌ను తామే మార్చుకోగలరు కాబట్టి అసలు ప్రమాదం ఈ రెండోదానితోనే.

చాలా పాత మోడళ్లలో యూజర్ నేమ్, పాస్‌వర్డ్ రెండూ 'అడ్మిన్' అనే ఉంటాయి. ఏ మోడల్‌కు ఏది డిఫాల్టో తెలిపే జాబితాలు ఇంటర్నెట్‌లో ఎవరికైనా దొరుకుతాయి. 2016లో బయటపడిన మిరాయ్ అనే మాల్‌వేర్ (హానికర ప్రోగ్రామ్) సుమారు అరవై డిఫాల్ట్ యూజర్ నేమ్-పాస్‌వర్డ్ జతలను మాత్రమే ప్రయత్నిస్తూ లక్షల కెమెరాలు, రౌటర్లలోకి చొరబడింది. ఆ ఏడాది అక్టోబరులో వాటితోనే డైన్ అనే డీఎన్ఎస్ (వెబ్‌సైట్ పేరును దాని ఇంటర్నెట్ చిరునామాగా మార్చి చెప్పే వ్యవస్థ) సంస్థపై దాడి జరగగా, ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ వంటి సైట్లు ఎందరికో గంటల తరబడి అందలేదు. పరికరాన్ని ఆపి మళ్లీ ఆన్ చేస్తే మిరాయ్ తొలగిపోయేది గానీ, పాస్‌వర్డ్ మారనంత కాలం అది తిరిగి చేరడానికి ఎంతో సేపు పట్టేది కాదు.

ఇంట్లోవారికి నేరుగా జరిగే నష్టం వేరు. రౌటర్‌లోని డీఎన్ఎస్ సర్వర్ చిరునామాను మార్చగలిగినవారు, మీరు బ్యాంకు వెబ్ చిరునామాను తప్పు లేకుండా టైప్ చేసినా మిమ్మల్ని నకిలీ పేజీకి మళ్లించగలరు; అప్పుడు ఆ పేజీ నమ్మదగినది కాదని బ్రౌజర్ ఇచ్చే సర్టిఫికెట్ హెచ్చరికను దాటి ముందుకు వెళితే వివరాలు వారి చేతిలో పడతాయి. బయటివారు మన వైఫై పరిధిలో లేరు కదా అన్న ధీమా కూడా పనికిరాదు. ఇంట్లోవారు తెరిచిన ఒక వెబ్ పేజీలోని కోడ్, వారి బ్రౌజర్ ద్వారానే డిఫాల్ట్ పాస్‌వర్డ్‌తో రౌటర్ సెట్టింగ్స్‌ను మార్చగలదని పరిశోధకులు 2007 నాటికే నిరూపించారు.

మార్పు మొదలుపెట్టే ముందు, వీలైతే కంప్యూటర్‌ను కేబుల్‌తో రౌటర్‌కు కలపండి. వైఫై పాస్‌వర్డ్ మార్చగానే వైఫై కనెక్షన్ తెగిపోతుంది. తరువాత రౌటర్ చిరునామా చూడండి. అది రౌటర్ అడుగున ఉన్న లేబుల్‌పై గానీ, కంప్యూటర్ నెట్‌వర్క్ వివరాల్లో 'డిఫాల్ట్ గేట్‌వే' అన్న చోట గానీ కనిపిస్తుంది. సాధారణంగా 192.168.0.1 లేదా 192.168.1.1 అయి ఉంటుంది. దాన్ని బ్రౌజర్ అడ్రస్ బార్‌లో టైప్ చేసి, లేబుల్‌పై ఉన్న వివరాలతో లాగిన్ అవ్వండి.

ముందుగా అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి. ఆ అవకాశం 'అడ్మినిస్ట్రేషన్', 'సిస్టమ్' లేదా 'మేనేజ్‌మెంట్' అన్న విభాగంలో ఉంటుంది. పొంతన లేని నాలుగైదు పదాలను కలిపి పొడవైన పాస్‌వర్డ్ పెట్టుకోవడం మేలు. అది వైఫై పాస్‌వర్డ్‌కు భిన్నంగా ఉండాలి. దాన్ని కాగితంపై రాసి ఇంట్లో భద్రపరచుకోవడం తప్పేమీ కాదు, ఎందుకంటే ఇక్కడ దాడి చేసేవారు ఎక్కడో దూరాన ఉంటారు, మీ అలమర తెరవరు.

అదే పేజీలో, బయటి ఇంటర్నెట్ నుంచి రౌటర్ సెట్టింగ్స్‌ను తెరవనిచ్చే 'రిమోట్ మేనేజ్‌మెంట్' ఆన్‌లో ఉంటే ఆపివేయండి. డీఎన్ఎస్ చిరునామాలు మీ ఇంటర్నెట్ సంస్థవో, మీరు కావాలని పెట్టుకున్నవో సరిచూసుకోండి.

తరువాత వైఫై విభాగానికి వెళ్లి, భద్రతా రకంగా డబ్ల్యూపీఏ3ని, అది లేకపోతే డబ్ల్యూపీఏ2ని ఎంచుకోండి. డబ్ల్యూపీఏ2 పాస్‌వర్డ్‌లో 8 నుంచి 63 అక్షరాల వరకు పెట్టవచ్చు. ఒక ఫోన్ వైఫైకి కలిసే క్షణంలోని సమాచారాన్ని గాలిలో పట్టుకుని, తీరికగా తమ కంప్యూటర్‌లో లక్షల పదాలను సరిపోల్చి చూసే పద్ధతి ఉంది కాబట్టి 8తో సరిపెట్టుకోవడం మంచిది కాదు. నెట్‌వర్క్ పేరు కంపెనీనో మోడల్‌నో బయటపెడుతుంటే దాన్ని కూడా మార్చండి. పేరును దాచిపెట్టడం వల్ల మాత్రం పెద్ద ప్రయోజనం లేదు.

పాస్‌వర్డ్‌కు బదులు పిన్‌తో పరికరాలను వైఫైకి కలపనిచ్చే డబ్ల్యూపీఎస్ పిన్ సదుపాయాన్ని కూడా ఆపివేయాలి. ఎనిమిది అంకెల ఆ పిన్‌ను రౌటర్ రెండు ముక్కలుగా విడివిడిగా పరీక్షిస్తుంది. అందుచేత కోట్ల ప్రయత్నాలు అవసరమయ్యే చోట సుమారు 11,000 చాలునని 2011లో వెల్లడైంది. ఆపై ఫర్మ్‌వేర్ (రౌటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ ఉంటే చేసుకోండి.

బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి, ఇంటర్నెట్‌కు కలిసే గృహోపకరణాలన్నిటికీ ఒకే డిఫాల్ట్ పాస్‌వర్డ్ పెట్టి అమ్మడం చట్టవిరుద్ధం. అటువంటి నిబంధనలు కొత్త పరికరాలకే గానీ, ఇప్పటికే ఇళ్లలో ఉన్న పాత రౌటర్లను మార్చలేవు.

కొత్త అడ్మిన్ పాస్‌వర్డ్ మరిచిపోతే, వెనుక ఉన్న రీసెట్ బటన్‌ను కొన్ని సెకన్ల పాటు నొక్కి ఉంచాలి. దానితో ఇంటర్నెట్ సంస్థ ఇచ్చిన కనెక్షన్ వివరాలు చెరిగిపోవచ్చు కాబట్టి వాటిని ముందే రాసి ఉంచుకోవాలి. రీసెట్ అయిన రౌటర్ మళ్లీ ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌లతోనే మొదలవుతుంది కనుక, పై మార్పులన్నిటినీ అప్పుడే తిరిగి చేయాలి.