పాండాపవర్ అప్‌డేట్ చేసే ముందు

ప్రాజెక్టుకి పాండాపవర్ (కరెంటు నెట్‌వర్క్ లెక్కలు చేసే పైథాన్ సాఫ్ట్‌వేర్) వాడుతున్న మన నెల్లూరు, కావలి పిల్లలకి ఒక మాట. పని నడుస్తున్న చోటే నేరుగా అప్‌డేట్ కొట్టకండి. కృష్ణపట్నం వైపు ఫీడర్ మోడల్ మీద నేను అదే చేశాను. పాండాపవర్ ఆధారపడే నమ్‌పై, పాండాస్ లైబ్రరీల వెర్షన్లు మారిపోయాయి. రివ్యూకి ముందురోజు రాత్రి ఒక్క లోడ్‌ఫ్లో (ఏ లైన్లో ఎంత కరెంటు పారుతుందో చూసే లెక్క) కూడా నడవలేదు, తెల్లార్లూ టెన్షన్.

ముందు పిప్ ఫ్రీజ్ (ఇప్పుడున్న ప్యాకేజీలు, వాటి వెర్షన్లు చూపించే కమాండ్) కొట్టి, వచ్చిన లిస్టుని ఒక టెక్స్ట్ ఫైల్లో దాచుకోండి. పాతదాని జోలికి పోకుండా పక్కనే కొత్త వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (ప్యాకేజీలు విడిగా ఉండే పైథాన్ ఫోల్డర్) పెట్టి, కొత్త వెర్షన్ అందులో వేయండి. ఫోన్ హాట్‌స్పాట్ మీద నెట్టుకొచ్చేవాళ్లు పిప్ డౌన్‌లోడ్‌తో ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లోకి దించుకుంటే, అదే విండోస్, అదే పైథాన్ వెర్షన్ ఉన్న రూమ్మేట్లకీ పనికొస్తాయి.

తర్వాత వెంటనే మీ మోడల్ తెరవద్దు. పాండాపవర్‌లోనే ఉన్న ఐఈఈఈ 14 బస్ కేసు (అందరూ పరీక్షకి వాడే, 14 కూడళ్లున్న నమూనా నెట్‌వర్క్) నడపండి. లోడ్ 259 మెగావాట్లు, మొత్తం నష్టాలు దాదాపు 13.4 మెగావాట్లు రావాలి. ఈ అంకెలు సరిపోతేనే మీ ఫైలు తెరవండి, అదీ కాపీ మీదే. కొత్త వెర్షన్‌లో సేవ్ చేసిన జేసన్ ఫైలు మళ్లీ పాతదాంట్లో తెరుచుకోకపోవచ్చు.