అక్టోబర్ వస్తోంది, పీఆర్ పెట్టే ముందు రిపో తిరగేయండి

అక్టోబర్ దగ్గర పడుతోందంటే కాలేజీ వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే గోల: హ్యాక్టోబర్‌ఫెస్ట్‌కి ఏ రిపోలో పీఆర్ పెడితే త్వరగా మెర్జ్ అవుతుంది? (రిపో అంటే గిట్‌హబ్ లాంటి సైట్‌లో ఒక ప్రాజెక్టు కోడ్ ఉండే చోటు. పీఆర్ అంటే పుల్ రిక్వెస్టు, 'నా మార్పు కలుపుకోండి' అని అడగడం. కలుపుకుంటే మెర్జ్ అయినట్టు.) క్లౌడ్ కంపెనీ డిజిటల్‌ఓషన్ 2014లో మొదలుపెట్టిన, అక్టోబర్ అంతా ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉంచే) ప్రాజెక్టులకు పీఆర్‌లు పెట్టే ఈ సందడి, 2020లో బహుమతి టీషర్టు కోసం పెట్టే చెత్త పీఆర్‌ల వరదైపోయింది. ప్రాజెక్టులను చూసుకునే మెయింటైనర్లు గగ్గోలు పెడితే, వాళ్లు ఒప్పుకున్న రిపోలే లెక్కలోకి వస్తాయని ఆ అక్టోబర్ మొదట్లోనే రూలు మార్చారు. అక్కడ తప్పు పీఆర్‌లు పెట్టినవాళ్లది. కానీ మనం పెట్టే టైమ్‌కి తగని ప్రాజెక్టులూ బోలెడున్నాయి.

నా సంగతే చెప్తాను. స్టార్లు (గిట్‌హబ్‌లో లైకుల్లాంటివి) వేలల్లో ఉన్నాయని మురిసిపోయి, ఒక రిపోలో తేదీల బగ్ మీద రెండు వీకెండ్లు కూర్చున్నాను. టెస్టులు కూడా రాసి పీఆర్ పెట్టాను. ఏడు నెలలు ఎవరూ పలకలేదు. ఆ తర్వాత ఒక బాట్ వచ్చి, 'కదలిక లేదు' అంటూ మూసేసి పోయింది.

ముందే పుల్ రిక్వెస్టుల ట్యాబ్‌లో 'క్లోజ్డ్' నొక్కి ఉంటే ఆ రెండు వీకెండ్లూ మిగిలేవి. గిట్‌హబ్‌లో ఊదా గుర్తు ఉంటే మెర్జ్ అయినట్టు, ఎరుపు ఉంటే అవకుండా మూసేసినట్టు. చివరి ఇరవై చూడండి. ఊదావన్నీ ఓనర్‌వీ, ఆయన పక్కనున్న ఇద్దరివీ అయ్యి, బయటివాళ్లవన్నీ ఎర్రగా ఉంటే ఆ ఇంటి తలుపు మీకోసం తెరిచి లేదు. మూసేసిన వాటిలో రెండు మూడు తెరిచి, కొత్తవాళ్లకు ఎలా జవాబిచ్చారో కూడా చదవండి. 'డాక్స్ చదివి రా' అని కసిరే చోట మీ మొదటి పీఆర్ పెట్టకండి. స్టార్లను మాత్రం పట్టించుకోకండి, అవి డబ్బులకు కూడా దొరుకుతాయి.

తర్వాత లైసెన్స్, అంటే ఆ కోడ్‌ని ఎవరు ఎలా వాడుకోవచ్చో చెప్పే ఫైలు. ఆ ఫైలే లేకపోతే, కోడ్ అందరికీ కనిపిస్తున్నా హక్కులన్నీ రాసినవాళ్లవే. పేరుకే ఓపెన్. కొన్ని కంపెనీల ప్రాజెక్టులు సీఎల్‌ఏ (మీరిచ్చే కోడ్ మీద హక్కుల ఒప్పందం) మీద సంతకం అడుగుతాయి. ఓకే నొక్కేయకుండా, మీ కోడ్‌ని వేరే లైసెన్స్ కింద ఇచ్చుకునే హక్కు కంపెనీకి ఇస్తున్నారేమో చూడండి. 2023 ఆగస్టులో, క్లౌడ్ సర్వర్లను కోడ్‌తో ఏర్పాటుచేసే టెర్రాఫామ్ ఓపెన్ లైసెన్స్ వదిలేసింది, అందులోంచే ఓపెన్‌టోఫు ఫోర్క్ (పాత కోడ్ కాపీతో విడిగా నడిచే ప్రాజెక్టు) పుట్టింది. 2024 మార్చిలో రెడిస్ అనే డేటాబేస్ కూడా అదే దారి పట్టింది, దాని ఫోర్క్ వాల్కీ. చట్టప్రకారం తప్పేం కాదు, కానీ ఉచితంగా పనిచేసినవాళ్లకు మంట పుట్టదా?

ఒక్కరే మోస్తున్న ప్రాజెక్టుల విషయం వేరు. లినక్స్‌లో ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే టూల్ మెయింటైనర్ తన ఆరోగ్యం సహకరించట్లేదని చెప్పుకున్నా, ఎవరో తెలియని ఖాతాలు 'ఇంకొకరికి అప్పగించు' అని వెంటపడ్డాయి. రెండేళ్లకు పైగా బుద్ధిగా పనిచేసి నమ్మకం సంపాదించిన ఖాతానే చివరికి అందులో బ్యాక్‌డోర్ (దొంగదారి) పెట్టింది. దూరంగా ఉన్న మెషీన్‌లోకి చేసే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీర్ తవ్వితే, 2024 మార్చిలో గుట్టు బయటపడింది. ఇలాంటి చోటికి వెళ్లొద్దని కాదు, నిజానికి మన అవసరం అక్కడే ఎక్కువ. ఇష్యూల్లో (బగ్గులూ ప్రశ్నలూ రాసే చోట) మెయింటైనర్‌ని ఎవరైనా తిడుతుంటే మాత్రం ఆ గుంపులో చేరకండి. బగ్‌ని మీ మెషీన్‌లో మళ్లీ తెప్పించి, ఏ వెర్షన్‌లో వచ్చిందో రాయండి. అదే పెద్ద సాయం.

అన్నిటికంటే నాకు భయం వేసేది రిపోని క్లోన్ చేయగానే (మన మెషీన్‌లోకి కాపీ చేసుకోగానే) రన్ చేసేయడం. 'రిక్రూటర్‌ని, ఈ రిపోలో చిన్న బగ్ సరిచేసి చూపించు' అని లింక్డిన్‌లో మెసేజ్ పెట్టి, దొంగ కోడ్ నడిపించే ముఠాలున్నాయి. జావాస్క్రిప్ట్ ప్యాకేజీలు దించే ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ కొట్టగానే పోస్ట్‌ఇన్‌స్టాల్ స్క్రిప్టులు మిమ్మల్ని అడక్కుండానే నడిచేయొచ్చు. ముందు ప్యాకేజ్ డాట్ జేసన్ తెరిచి స్క్రిప్టుల భాగం చదవండి, ఇన్‌స్టాల్‌కి ఇగ్నోర్-స్క్రిప్ట్స్ ఆప్షన్ పెట్టండి. అయినా ఆ తర్వాత నడిపేది వాళ్ల కోడే కాబట్టి, తెలియని రిపోని కంటైనర్‌లోనో వర్చువల్ మెషీన్‌లోనో (మీ ఫైళ్లకు విడిగా ఉండే చోట) తెరవండి. ఆఫీస్ ల్యాప్‌టాప్‌లో అసలొద్దు. ఫోల్డర్ రాసినవాళ్లను నమ్ముతారా అని వీఎస్ కోడ్ ఎడిటర్ అడిగితే, మొదటిసారి 'లేదు' అనండి. ఫైళ్లు చదువుకోవడానికి నమ్మకంతో పనిలేదు.

ఇవన్నీ చూశాక కూడా వెంటనే కోడ్ రాయకండి. 'దీన్ని ఇలా సరిచేద్దామనుకుంటున్నాను, సరేనా' అని ఇష్యూ కింద రెండు లైన్లు రాసి వారం ఆగండి. జవాబు వస్తే రాయండి, రాకపోతే ఇంకో రిపో వెతుక్కోండి.