దేవదూతతో ప్రేమకథ: ముందు పతనం సంగతి తేల్చుకోండి

టీనేజ్ పాఠకుల కోసం మొదలుపెట్టిన దేవదూతల ప్రేమ నవల చాలాసార్లు 20,000 పదాల దగ్గర ఆగిపోతుంది. కుర్రాడు వచ్చాడు, వీపు మీద రెండు మచ్చలు కనిపించాయి, అమ్మాయికి అనుమానం కలిగింది. ఆ తర్వాత కలం కదలదు. అతను పైనుంచి ఎందుకు పడ్డాడో రాసేవారే తేల్చుకోకపోవడం దీనికి కారణం.

అందుకే మొదటి అధ్యాయానికి ముందు మీ కోసం ఒక పేజీ రాసుకోండి. అతను ఏ ఆజ్ఞ మీరాడు? శిక్ష వేసింది ఎవరు? శక్తుల్లో ఏవి పోయాయి, ఏవి మిగిలాయి? తిరిగి వెళ్లే దారి ఉందా? ఉంటే, దాని మూల్యం ఎవరు చెల్లించాలి? ఒక్కో ప్రశ్నకు రెండు వాక్యాలు చాలు. చివరి ప్రశ్నకు జవాబు "అతను ప్రేమించిన అమ్మాయి" అయితే మీ ముగింపు అప్పుడే కళ్ల ముందుకు వస్తుంది.

పాత గ్రంథాలు చదివితే ఈ పేజీ తేలిగ్గా నిండుతుంది. బైబిల్లోని ఆదికాండము 6వ అధ్యాయంలో "దేవుని కుమారులు" మనుషుల కుమార్తెలను పెళ్లాడిన సంగతి నాలుగు వచనాల్లో ముగిసిపోతుంది. పాత యూదు రచన అయిన హనోకు గ్రంథం దాన్నే పెద్ద కథగా చెబుతుంది. 200 మంది దూతలు హెర్మోను కొండ మీద దిగుతారు. శిక్ష తనొక్కడి నెత్తినే పడుతుందేమోనని వాళ్ల నాయకుడు షెమిహజా భయపడితే, వెనక్కి తగ్గబోమని అందరూ కలిసి ఒట్టు వేసుకుంటారు. వాళ్లలో ఒకడైన అజాజేలు మనుషులకు కత్తులు, డాళ్లు చేయడం, కనురెప్పలు దిద్దుకోవడం నేర్పుతాడు. చివరికి ఆ దూతలను 70 తరాల పాటు బంధించి ఉంచమని తీర్పు వస్తుంది. బైబిల్లోనే యెషయా గ్రంథం 14వ అధ్యాయంలో ఆకాశం నుంచి పడిన వేకువచుక్క సంగతి వేరు: అక్కడ పతనానికి కారణం అహంకారం.

ఈ రెండింటిలో ఒకదాన్నే ఎంచుకోండి. అహంకారంతో పడినవాడు ఈ కథలో ఎవరి ముందైనా తలవంచడం నేర్చుకోవాలి. ప్రేమ కోసం పడినవాడి వెనుక ఇంతకుముందే నష్టపోయిన ఒక స్త్రీ ఉంటుంది. ఆమె పేరు, ఆమెకు ఏం జరిగిందో మీకు తెలిసి తీరాలి. మీ కథానాయిక ఆమె పునర్జన్మే అనుకుంటే ఇంకో చిక్కు వస్తుంది: అతను ప్రేమిస్తున్నది ఈ అమ్మాయినా, పోయిన ఆ స్త్రీనా? ఈ ప్రశ్న అమ్మాయి నోటే, కోపంగా, ఒక్కసారైనా రావాలి.

మొదటి నవలకు 70,000 పదాలు సరైన కొలత. 30 అధ్యాయాలు అనుకుంటే ఒక్కోటి 2,300 పదాలు దాటుతుంది. అతను దూత అన్న సంగతి 8వ అధ్యాయం లోపే బయటపెట్టండి. అట్ట మీద రెక్కల బొమ్మ చూసి పుస్తకం తెరిచిన పాఠకురాలికి అది ముందే తెలుసు. దాచాల్సింది పతనానికి అసలు కారణం. అతను మొదట చెప్పిన కారణం పూర్తి నిజం కాదని 15వ అధ్యాయంలో తెలిస్తే, రెండో సగాన్ని నడిపే బలం కథకు దొరుకుతుంది. 22, 23 అధ్యాయాల దగ్గర ఇద్దరూ విడిపోవాలి. ఆ విడిపోవడం అపార్థం వల్ల కాకుండా మీ పేజీలో రాసుకున్న నియమం వల్లే జరగాలి.

రెక్కలను తేలిగ్గా తీసుకోకండి. అవి ఎప్పుడూ ఉంటాయా, కావాలనుకుంటేనే వస్తాయా? ఎప్పుడూ ఉండేవైతే అతను కుర్చీలో వెనక్కి వాలలేడు, వెల్లకిలా పడుకోలేడు, కిక్కిరిసిన బస్సులో నిలబడలేడు. పెద్ద ఆల్బట్రాస్ పక్షి రెక్కలు చాస్తేనే సుమారు 3.5 మీటర్లు, మనిషి బరువును మోసే రెక్కలు ఏ గదిలోనూ విచ్చుకోలేవు. కావాలన్నప్పుడే వస్తే చొక్కా ఏమవుతుంది, నొప్పి ఉంటుందా? గాయాలు మాన్పే శక్తిని మాత్రం ఇవ్వకండి. ఇస్తే ఏ ప్రమాదమూ ప్రమాదంలా అనిపించదు. తప్పదనుకుంటే, మాన్పిన ప్రతి గాయం అతని ఒంటి మీదికి చేరేలా చేయండి.

అమ్మాయి విషయంలో ఒక పరీక్ష ఉంది. మొదటి ఐదు అధ్యాయాల్లో అతన్ని తీసేసి చదవండి. ఆమెకంటూ చేయాల్సిన పని, పోగొట్టుకోగలిగినది ఏదైనా మిగిలిందా? మిగలకపోతే ముందు అది రాయండి. అతను ఆమెను ఒకసారి కాపాడితే, ఆమె తీసుకున్న నిర్ణయాలు కథను రెండుసార్లు మలుపు తిప్పాలి. నిద్రపోతున్న అమ్మాయిని కిటికీలోంచి చూస్తూ కూర్చునే సన్నివేశం ఈ తరహా నవలల్లో బాగా అరిగిపోయింది. అంతకంటే ముఖ్యంగా, అది హద్దు దాటడమే. పెట్టాలనుకుంటే ఆమెకు తెలియాలి, కోపం రావాలి, అతను మళ్లీ ఆ పని చేయకూడదు.

వయసు తేడాను కూడా దాటవేయకండి. వేల ఏళ్లు బతికినవాడికీ పదిహేడేళ్ల అమ్మాయికీ మధ్య ప్రేమ అంటే చదివేవాళ్లకు ఇబ్బంది కలగడం న్యాయమే. అతన్ని సృష్టించి కొద్దికాలమే అయిందని, లేదా పతనంతో జ్ఞాపకాలన్నీ పోయాయని చెప్పవచ్చు. ఏది ఎంచుకున్నా అమ్మాయికి పద్దెనిమిది నిండనివ్వండి, దగ్గరితనాన్ని చూపులతో, మాటలతో, చేయి పట్టుకోవడంతో నడపండి.

భాష దగ్గర తెలుగు మనకు పెద్ద వరమిచ్చింది. ఆమె "మీరు" నుంచి "నువ్వు"కి మారే చోటును ముందే నిర్ణయించుకోండి; దానికి మించిన ప్రేమ ప్రకటన అక్కర్లేదు. గొడవలో తిరిగి "మీరు" అంటే చదివేవాళ్లకు గుండెలో కలుక్కుమంటుంది. అతని చేత నవలంతా గ్రాంథికం మాట్లాడించకండి. మామూలుగా మాట్లాడేవాడు భయంలోనో కోపంలోనో ఒక్కసారి "పడితిని" అంటే, ఆ పాత మాట అతని వయసు చెప్పేస్తుంది.

తొలి ప్రతి పూర్తయ్యాక రెండు వారాలు పక్కన పెట్టి, ప్రింట్ తీసి చదవండి. అతని అందాన్ని వర్ణించిన ప్రతి వాక్యం కింద ఎర్ర గీత, అతను తప్పు చేసిన ప్రతి చోటా నీలి గీత పెట్టండి. ఎరుపు ఎక్కువగా ఉంటే కొట్టేయడం అక్కడి నుంచే మొదలుపెట్టండి.