ఏఐ ప్రాజెక్టుకు నిమ్మ తోట చాలు

సైన్స్ ఫెయిర్‌లో ఏఐ ప్రాజెక్టు పెట్టాలనుకుంటున్న తొమ్మిది, పది తరగతుల పిల్లలూ, ఇంటర్నెట్‌లో దొరికే సిద్ధంగా ఉన్న ఫోటోలతో మొదలుపెట్టకండి. నల్గొండ జిల్లా నకిరేకల్ వైపు నిమ్మ తోటలున్నాయి. గరుకు మచ్చలు వచ్చే గజ్జి తెగులు సోకిన ఆకులనూ, మంచి ఆకులనూ మీరే ఫోనుతో తీయండి. గూగుల్ వారి టీచబుల్ మెషీన్ అనే వెబ్‌సైట్‌లో, ఫోటో చూసి తెగులును గుర్తుపట్టే మోడల్‌కు (అంటే ఏఐ ప్రోగ్రామ్‌కు) ఆ ఫోటోలతో కోడింగ్ రాకపోయినా ఉచితంగా శిక్షణ ఇవ్వవచ్చు.

అసలు బలమంతా పరీక్షలోనే ఉంది. శిక్షణకు వాడిన చెట్ల ఆకులతోనే పరీక్షిస్తే ఫలితం బ్రహ్మాండంగా కనిపిస్తుంది, కానీ దాన్ని నమ్మలేం. పరీక్ష కోసం వేరే తోట ఆకులను ముందే పక్కన పెట్టండి. ఇంకో జాగ్రత్త: తెగులు ఆకులన్నీ ఎర్రమట్టి మీద, మంచివన్నీ తెల్ల కాగితం మీద పెట్టి తీస్తే మోడల్ ఆకును వదిలేసి నేలను నేర్చుకుంటుంది! రెండు రకాలనూ ఒకే నేపథ్యంలో, ఒకే వెలుతురులో తీయండి.

మోడల్ పొరబడిన ఫోటోలను దాచకుండా చార్టు మీద అంటించండి. తెగులు ఉన్నా లేదన్నవి ఎన్ని, లేకున్నా ఉందన్నవి ఎన్ని అని విడివిడిగా లెక్కించండి. రైతుకు మొదటి తప్పే ఎక్కువ నష్టం, ఆ మాట న్యాయనిర్ణేతలకు తప్పక చెప్పండి.