పికప్ బండి కింద 'టక్' శబ్దం: నా అనుభవం

చెన్నైలో కోయంబేడు మార్కెట్‌కు కూరగాయలు తోలే బండి నాది. రివర్స్ నుంచి ఫస్ట్ గేర్‌కు మార్చి కదిలించగానే కింద 'టక్'మని కొట్టేది. స్పీడు పెరిగితే వణుకు. గేర్‌బాక్స్ పోయిందేమోనని టెన్షన్ పడ్డాను.

చదునైన చోట ఆపి, చక్రాలకు రాళ్ళు పెట్టి, ఇంజన్ ఆపేసి న్యూట్రల్‌లో ఉంచి, గేర్‌బాక్స్ నుంచి వెనక ఇరుసుకు శక్తిని చేరవేసే పొడవాటి ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను చేత్తో అటూ ఇటూ తిప్పి చూశాను. వెనక క్రాస్ జాయింట్ (షాఫ్ట్ కోణంలో వంగినా తిరగనిచ్చే ప్లస్ ఆకారపు కీలు) లూజు. దాని నాలుగు కొనలకుండే బేరింగ్ కప్పుల్లో ఒకదాని చుట్టూ ఎర్రటి తుప్పు పొడి. వానాకాలంలో ఇక్కడి రోడ్ల మీద నిలిచిన నీళ్ళలో తిరిగే బండికి, సీలు దెబ్బతింటే లోపలి గ్రీజు పాడవుతుంది.

కొత్త క్రాస్ వేయించాను. విప్పేముందు షాఫ్ట్ మీదా, దాన్ని బోల్టులతో బిగించే ఫ్లాంజ్ మీదా పెయింట్‌తో గుర్తు పెట్టించండి. ఇది మాత్రం మెకానిక్‌కు వదిలేయకండి, పక్కనే నిలబడి చూడండి. గుర్తులు కలపకుండా బిగిస్తే కొత్త క్రాస్‌తోనూ వణుకు రావచ్చు. గ్రీజు నిపుల్ (గన్‌తో గ్రీజు ఎక్కించే చిన్న మూతి) ఉన్న క్రాస్ అయితే నాలుగు సీళ్ళ నుంచీ పాత గ్రీజు బయటికి వచ్చేదాకా కొట్టాలి.

లోడు కోసం అదనపు స్ప్రింగ్ పట్టీలు వేయించాలనుకునేవాళ్ళు ఒకటి ఆలోచించండి: వెనక భాగం లేస్తే షాఫ్ట్ కోణం మారి క్రాస్ త్వరగా అరుగుతుంది. పైగా పట్టీలు పెంచినంత మాత్రాన ఆర్‌సీలో రాసిన బరువు పెరగదు.