లైనక్స్‌ని కొత్త మెషీన్‌కి మార్చుకుందాం, 3వ పాఠం: డిస్క్ పీకేముందు

పాత మెషీన్‌లోని డిస్క్‌ని అందులోని లైనక్స్‌తో సహా పీకి, రీఇన్‌స్టాల్ చెయ్యకుండా కొత్త మెషీన్‌లో పెట్టి బూట్ చెయ్యడమే మన పని. పోయిన పాఠంలో బ్యాకప్ తీసుకున్నాం, తీసుకున్నది తెరిచి ఫైల్స్ నిజంగా ఉన్నాయో లేదో కూడా చూసుకున్నాం. ఆ పని అవ్వనివాళ్లు దయచేసి ఇక్కడే ఆగి ముందు అది కానివ్వండి. ఈ పాఠంలో చేసేదంతా పాత మెషీన్ మీదే, అది ఇంకా బాగానే బూట్ అవుతుండగానే చెయ్యాలి, ఎందుకంటే ఇవే పనులు రేపు నల్ల స్క్రీన్ ముందు కూర్చుని లైవ్ యూఎస్‌బీతో (పెన్‌డ్రైవ్ నుంచే నడిచే లైనక్స్) చెయ్యాలంటే పదింతల టైమ్ పడుతుంది.

డ్రైవర్లు చాలావరకు కెర్నల్ మాడ్యూల్స్‌గా, అంటే కావాల్సినప్పుడు కెర్నల్ లోడ్ చేసుకునే ఫైల్స్‌గా, ముందే డిస్క్‌లో ఉంటాయి, బూట్ అయినప్పుడల్లా కెర్నల్ హార్డ్‌వేర్ ఏంటో చూసుకుని కావాల్సినవి లోడ్ చేసుకుంటుంది. మరి కొత్త మెషీన్‌లో ఎందుకు ఆగిపోతుంది అంటే, ఆ మాడ్యూల్స్ ఉన్నది రూట్ పార్టిషన్‌లో (డిస్క్‌లో లైనక్స్ సిస్టమ్ ఉండే భాగం), రూట్ పార్టిషన్ చదవాలంటే ముందు డిస్క్ కంట్రోలర్ డ్రైవర్ కావాలి. ఈ చిక్కు తీర్చడానికే ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ ఉంది, బూట్ మొదట్లో మెమరీలోకి ఎక్కే చిన్న ఫైల్ సిస్టమ్. ఫెడోరాలో డ్రాకట్ అనే టూల్ దీన్ని తయారు చేసేటప్పుడు మామూలుగా ఈ మెషీన్‌కి ఏం కావాలో అవే పెడుతుంది. సాటా డిస్క్ ఉన్న పాత మెషీన్‌లో తయారైన దాంట్లో ఎన్‌వీఎంఈ (కొత్త రకం ఎస్‌ఎస్‌డీ) డ్రైవర్ ఉండకపోవచ్చు, అసలు తంటా అంతా ఇక్కడే.

అందుకే డ్రాకట్‌ని నో హోస్ట్ఓన్లీ, ఫోర్స్ ఆప్షన్లతో రన్ చెయ్యండి, అన్ని డ్రైవర్లతో పెద్ద ఇమేజ్ వస్తుంది. ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ టూల్స్ వాడే డెబియన్, ఉబుంటు వాళ్లు ఈటీసీలో ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ టూల్స్ ఫోల్డర్‌లోని ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ డాట్ కాన్ఫ్ ఫైల్ తెరిచి మాడ్యూల్స్ అన్న లైన్‌లో మోస్ట్ అని ఉందో లేదో చూడండి, డెప్ అని ఉంటే మోస్ట్ అని మార్చి, అప్‌డేట్ ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ కమాండ్ డ్యాష్ యూతో కొట్టండి.

ఏ పార్టిషన్ ఎక్కడ మౌంట్ అవ్వాలో రాసి ఉండే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైల్ కూడా ఒకసారి చూడండి. అందులో ఎస్‌డీఏ1 లాంటి పేర్లు ఉంటే తీసేసి యూయూఐడీ (ఆ పార్టిషన్‌ని గుర్తుపట్టే పొడవాటి ఐడీ) పెట్టండి, బీఎల్‌కేఐడీ కొడితే అవి కనిపిస్తాయి. డీడీ కమాండ్‌తో డిస్క్‌ని క్లోన్ చేసినవాళ్లకి ఒక మాట, రెండు డిస్క్‌లకీ ఒకే యూయూఐడీ ఉంటుంది కాబట్టి రెండూ ఒకే మెషీన్‌లో ఉంచి బూట్ చెయ్యొద్దు, ఏది మౌంట్ అయిందో తెలీదు.

ఇక చాలామందికి తట్టని విషయం. యూఈఎఫ్‌ఐ (మెషీన్ ఆన్ కాగానే ముందు నడిచే మదర్‌బోర్డ్ ఫర్మ్‌వేర్) బూట్ ఎంట్రీ ఉండేది డిస్క్‌లో కాదు, మదర్‌బోర్డ్ మెమరీలో. డిస్క్ పీకి కొత్త దాంట్లో పెడితే ఆ ఎంట్రీ వెంట రాదు. అప్పుడు ఫర్మ్‌వేర్ డిస్క్‌లో బూట్ ఫైల్స్ ఉండే ఈఎస్‌పీ పార్టిషన్‌లో ఈఎఫ్‌ఐ ఫోల్డర్, దాంట్లో బూట్ ఫోల్డర్, దాంట్లో బూట్ఎక్స్64 ఫైల్ కోసం వెతుకుతుంది. అది ఉంటే చాలు. ఫెడోరాలో మామూలుగా ముందే ఉంటుంది, అక్కడ గ్రబ్ (లైనక్స్ బూట్‌లోడర్) ఇన్‌స్టాల్ కమాండ్ జోలికి పోవద్దు. డెబియన్‌లో లేకపోతే గ్రబ్ ఇన్‌స్టాల్‌కి రిమూవబుల్ ఆప్షన్ ఇస్తే వస్తుంది. పాత మెషీన్ యూఈఎఫ్‌ఐ కాకుండా పాతకాలపు లెగసీ బయాస్‌లో ఉంటే మామూలుగా అసలు ఈఎస్‌పీయే ఉండదు, ఆ కథ పెద్దది, దానికి 5వ పాఠం మొత్తం పెట్టాను.

ఇంత చేసినా కొత్త మెషీన్‌లో యూయూఐడీ దొరకలేదని చెప్పి ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ ప్రాంప్ట్ దగ్గర ఆగితే కంగారు పడి రీఇన్‌స్టాల్‌కి దిగొద్దు. అక్కడే ప్రోక్‌లోని పార్టిషన్స్ ఫైల్‌ని క్యాట్ చెయ్యండి. లిస్ట్‌లో మీ డిస్క్ కనిపిస్తే డ్రైవర్ బాగానే ఉంది, తప్పు బహుశా యూయూఐడీలో ఉంది. కనిపించకపోతే ఫర్మ్‌వేర్ సెటప్‌లోకి వెళ్లి స్టోరేజ్ మోడ్ చూడండి, రెయిడ్ అని ఉంటే ఏహెచ్‌సీఐకి మార్చండి, అయితే అదే మెషీన్‌లో వేరే డిస్క్‌లో విండోస్ ఉంటే మాత్రం ఈ మార్పుతో అది బూట్ కాకుండా పోవచ్చు, ముందే తెలుసుకుని చెయ్యండి.

వచ్చే పాఠానికి హోమ్‌వర్క్: పాత మెషీన్‌లో ఐపీ లింక్ కొట్టి నెట్‌వర్క్ కార్డ్ పేరు రాసి పెట్టుకోండి, కొత్త దాంట్లో ఆ పేరు మారితే స్టాటిక్ ఐపీ సెట్టింగ్స్ ఏమవుతాయో అప్పుడు చూద్దాం.